పొట్టు పడిన పాయింట్లు

"ఈ మూతలోకి పొట్టు కాదు మావా, గాలి కూడా దూరదు," అన్నాడు సంతోష్ బావ. నాన్న బుల్లెట్టు ఇంజనుకి పక్కనుండే గుండ్రని మూత అప్పుడు అతని అరచేతిలో ఉంది. దాని అంచు చుట్టూ ఉన్న రబ్బరుని వేలితో నొక్కి చూపించాడు. నాన్న నవ్వి, "నీకు తెల్దురా. ఎన్నిసార్లు తీసేనో ఆ పొట్టు," అన్నాడు. బావ మా మేనత్త కొడుకు. టెక్కలిలో పాత మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. నాన్న మోకాలు కిక్కులు కొట్టలేని స్థితికి వచ్చిందని, నిప్పురవ్వ పుట్టించే పాత పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ సెట్టు బిగించడానికి ఆ రోజు మా ఊరు వచ్చాడు. నేను ఎప్పటిలాగే తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. అమ్మ వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. బావ ఆ మాట అనగానే అమ్మ వేళ్ళు బియ్యంలో ఆగిపోయాయి.   వాటి మీంచి నేను చూపు తిప్పుకోలేకపోయాను. ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. చిన్నప్పటి నుంచి నేను చూసినవన్నీ ఒకదాని వెనక ఒకటి లేచి వచ్చి, వాటి అర్థం నేను అనుకున్నది కాదని చెప్పడం మొదలుపెట్టాయి.

నేను పెరిగిందంతా పొట్టులోనే. కాశీబుగ్గ బట్టీలో కాల్చి, పగలగొట్టి, ఆరబెట్టిన జీడిపప్పు బస్తాల్లో మా ఇంటికి వచ్చేది. దాని మీదుండే ఎర్రటి పలచని పొరని చిన్న కత్తితో గీరి తీసి, పప్పు మళ్ళీ బస్తాకి ఎత్తి ఇవ్వడం అమ్మ పని. ఆ పొట్టు ఉల్లిపొర కంటే తేలిక. ఊపిరి గట్టిగా వదిలితే లేస్తుంది. అందుకే మా ఇంట్లో ఎండాకాలంలో కూడా ఫ్యాను వేయడం పెద్ద నేరం. అయినా అది ఆగేది కాదు. అన్నంలో ఉండేది, అమ్మ జడలో ఉండేది, నేను బడి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న కథల పుస్తకాల పేజీల మధ్య ఉండేది. మా ఇంటి వాసన అదే. కొంచెం కమ్మగా, కొంచెం వగరుగా, అడుగున ఎక్కడో మాడిన జీడినూనె ఘాటు. ఆ వాసన మీదికి సాయంత్రం అయ్యేసరికి సముద్రం మీంచి ఉప్పుగాలి, వసారా అవతలి కొస నుంచి పెట్రోలు వాసన వచ్చి కలిసేవి. ఆ అవతలి కొసనే బుల్లెట్టు ఉండేది. ఈ కొసన అమ్మ పొట్టు తీస్తూ కూర్చునేది. మధ్యలో చాప మీద నేను.

ఆదివారం వచ్చిందంటే నాన్న బండి మూత తీసేవాడు. లోపల రెండు చిన్న లోహపు బొట్లు ఉంటాయి. అవే పాయింట్లు. ఇంజను తిరిగే కొద్దీ అవి ఒకదాన్ని ఒకటి తాకుతూ, విడిపోతూ ఉంటాయి. విడిపోయిన క్షణాన పైన ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. ఆ విడిపోయే సందు ఎక్కువైనా తక్కువైనా బండి దగ్గుతుంది. వాటి మధ్య మురికి చేరితే అసలు కదలదు. మా సముద్రపు గాలికి ఆ బొట్ల మీద తెల్లగా బూజులాంటిది పట్టేది. నాన్న దాన్ని సన్నటి గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలులో ముంచిన గుడ్డతో తుడిచేవాడు. తర్వాత సిగరెట్టు పెట్టెలోని వెండి రేకు నుంచి పలచటి కాగితాన్ని ఊడదీసి, ఒక ముక్కని రెండు బొట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ ఇంజను తిప్పేవాడు. కాగితం ఎక్కడ పట్టు వదిలి జారితే అక్కడ పాయింట్లు విడుతున్నట్టు. నాన్న సిగరెట్టు తాగడు. కాగితం కోసం పెట్టె కొని, సిగరెట్లన్నీ పక్కింటి తవిటయ్య తాతకి ఇచ్చేసేవాడు. తాత ఆదివారం కోసం ఎదురు చూసేవాడు. "నీ బండికి రోగం రావాలిరా నారాయుడూ, నాకు పండగ," అనేవాడు. అంతసేపూ అమ్మ పక్కన గొంతుక్కూర్చుని టార్చిలైటు పట్టుకునేది. ఎటు పట్టమంటే అటు. "సరిగ్గా పట్టవే దమయంతీ, నా మొకం మీదికి కాదు," అని నాన్న విసుక్కుంటే పల్లెత్తు మాట అనేది కాదు. ఆమె ఏం చూస్తోందో మాకెవరికీ పట్టలేదు.

నాన్న మంచివాడు. అయితే కోపం వస్తే అతను వేరే మనిషి. ఆ కోపం ఎక్కువగా పెద్దనాన్న మీదే. మందస దారిలో వాళ్ళ ఊరు. నాన్నమ్మ వాళ్ళ దగ్గరే ఉండేది. పంపకాలు అయ్యాక రెండు జీడితోటల మధ్య గట్టు మీద నాన్నమ్మ తన చేత్తో నాటిన చెట్లు మిగిలిపోయాయి. అవి ఎవరివో ఎవరూ తేల్చలేదు. ప్రతి ఏడూ జీడిపిక్కలు రాలే రోజుల్లో ఎవరో ఒకరు వచ్చి, మీ అన్న మనుషులు గట్టు మీద పిక్కలు ఏరేశారని చెప్పేవారు. అంతే. నాన్న కళ్ళు ఎర్రబడేవి.  తాటికమ్మలు కొట్టే కత్తి తువ్వాలులో చుట్టి బండి వెనక కట్టేవాడు. కానీ వెంటనే బయల్దేరేవాడు కాదు. నూతి దగ్గరికి వెళ్ళి కాళ్ళూ మొహం కడుక్కుని, తల దువ్వుకుని, పెట్టెలోంచి తెల్ల చొక్కా తీసి వేసుకునేవాడు. అన్న ఇంటికి తగువుకి వెళ్ళినా మాసిన బనీనుతో వెళ్ళకూడదని అతని పట్టుదల. తర్వాత వచ్చి బండెక్కి కిక్కు కొట్టేవాడు.

బండి లేచేది కాదు. ఆదివారం సంతకి వెళ్ళేటప్పుడు ఒక్క దెబ్బకి లేచే బండి, నాన్న కోపంగా ఉన్న రోజున మాత్రం చచ్చిపోయినట్టు పడి ఉండేది. కొట్టి కొట్టి తెల్ల చొక్కా వీపుకి అతుక్కుపోయేది. వీధిలో వాళ్ళు పోగయ్యేవారు. "నీ బండికి బుద్దుందిరా. నీకే నేదు," అనేవాడు తవిటయ్య తాత. "బస్సులో ఎల్లు మరి," అని ఎవరో అంటే, "దెబ్బలాటకి బస్సులో ఎల్తారేటే?" అని అరిచేవాడు నాన్న. ఆ మాటకి అందరూ నవ్వేవారు. నవ్విన వాళ్ళని తిట్టి, చివరికి కింద కూర్చుని మూత తీసేవాడు. పాయింట్ల మధ్య జీడి పొట్టు రేకు ఒకటి నలిగి కనిపించేది. ఇక ఆ కోపమంతా అమ్మ మీదికి మళ్ళేది. "నీ పొట్టు నా బండిలోకి ఎగిరొత్తంది. ఇంక పొట్టు పని మానెయ్యి." అమ్మ తల వంచుకుని చెంబుతో అంబలి తెచ్చి ఇచ్చేది. అది తాగి, పాయింట్లు రుద్ది, కాగితం పెట్టి సందు సరిచూసుకునేసరికి నాన్న కోపం చల్లారిపోయేది. "ఇప్పుడేటి ఎల్తాం, పొద్దోయింది," అనుకుంటూ కత్తి విప్పేవాడు. పొట్టు దూరకుండా నాన్న చేయని ప్రయత్నం లేదు. మూతకి కొత్త రబ్బరు వేయించాడు, అంచుకి గ్రీజు రాశాడు, పాత దుప్పటి కుట్టించి బండికి తొడిగాడు. అయినా పొట్టు పడుతూనే ఉండేది. దుప్పటి తొడగడం, తీయడం అమ్మ పని.

బావ మాట విన్నాక నాకు అన్నిటికంటే ముందు గుర్తొచ్చింది ఇవేవీ కాదు. నాన్నమ్మ పోయిన రోజు. నేను అప్పుడు ఆరో తరగతో ఏడో. పొద్దున్నే పెద్దనాన్న కొడుకు సైకిలు మీద వచ్చి వీధి మలుపులోనే నాన్నతో ఏదో చెప్పి, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. నాన్న ఎర్రటి కళ్ళతో ఇంట్లోకి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. నూతి దగ్గరికి వెళ్ళాడు, తెల్ల చొక్కా వేసుకున్నాడు. కత్తి కట్టాడా లేదా అని ఎవరు చూస్తారు. బండెక్కి కొట్టడం మొదలుపెట్టాడు. బండి లేవలేదు. కొడుతూ కొడుతూ ఉన్నట్టుండి హ్యాండిలు మీద తలపెట్టి, "అమ్మ పోతందే, అమ్మకి ఊపిరాడతా నేదంట," అని ఏడ్చాడు. అప్పుడు అమ్మ చేసిన పని నాకు బాగా గుర్తుంది. చేతిలో ఉన్న జీడిపప్పు పళ్ళెం నేల మీద పడేసి, పరుగున వచ్చి, "మూత ఇప్పు. మూత ఇప్పు బేగి, పొట్టు పడుంటాది," అంది. అంతకు ముందు ఎప్పుడూ ఆమె ఆ మాట అనలేదు. పొట్టు తీసే కత్తితోనే స్క్రూలు తిప్పబోయింది. కత్తి జారి బొటనవేలు తెగింది. నాన్న కళ్ళ నీళ్ళలో ఏమీ కనబడక ఆ చిన్న రేకు కోసం తడుముకున్నాడు. పొద్దుటి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. రుద్ది, తుడిచి, బండి లేపేసరికి ఎండ వసారాలోకి వచ్చేసింది. నాన్న వెళ్ళేసరికి నాన్నమ్మ లేదు. నట్టింట్లో, చుట్టాలందరి ముందు పెద్దనాన్న అన్నాడట. "ఇప్పుడు కుదిరిందేట్రా నీకు? అమ్మ నిన్ను అడిగి అడిగి పోయింది." బండి లేవలేదని నాన్న చెబితే ఎవరూ నమ్మలేదు. ఆ తర్వాత అన్నదమ్ములు చెట్ల కోసం పోట్లాడుకోలేదు, ఆ మాట కోసం పోట్లాడుకున్నారు. నేను ఇన్నేళ్ళూ ఆ బండిని ద్వేషించాను. మనిషిని మోసం చేసిన యంత్రం అనుకున్నాను.

తలుపు చాటున నిలబడి ఇదంతా తలుచుకుంటుంటే బావ నన్ను చూసి, "ఏటి మరదలా, తలుపుకి అతుక్కుపోయావు? ఇలాగొచ్చి సూడు," అన్నాడు.  బావ పాయింట్లు, కండెన్సరు అన్నీ విప్పి ఒక పాత గుడ్డలో వేశాడు. వాటి స్థానంలో అయస్కాంతం, నల్లటి చిన్న పెట్టె బిగించాడు. నాన్నకి పెద్దగా ఇష్టం లేదు. "పాయింట్లయితే ఇసకలో ఆగిపోయినా గీకి లేపుకుంటాను. ఇది పోతే ఎవుడ్ని పిలవాల?" "పోదు మావా. దీన్లో తాకేవీ అరిగేవీ ఏటీ నేవు." అప్పుడు అమ్మ మొదటిసారి నోరు తెరిచింది. "అయితే మజ్జిలో ఏటి అడ్డం పెట్టినా ఆగదా?" బావ నవ్వాడు. "దేనికాగుద్దత్తా, మజ్జి అన్నదే నేదు." అమ్మ చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాన్న ఒక్కసారి కిక్కు కొట్టాడు. బండి లేచింది. ఆ చప్పుడు వింటే నాకు భయం వేసింది.

నేను ఎవరినీ ఏదీ గట్టిగా అడిగే మనిషిని కాను. ఏదైనా ఉంటే డైరీలో రాసుకుని ఊరుకుంటాను. ఆ రోజు మాత్రం డైరీ తీయలేదు. సాయంత్రం నూతి దగ్గర గిన్నెలు తోముతున్న అమ్మ పక్కన కూర్చుని, "నువ్వేనా?" అన్నాను.  అమ్మ బూడిద చేత్తోనే చాలాసేపు ఒకే గిన్నె రుద్దింది. "మీ నాన్న కోపం ఒక పళ్ళెం పప్పు పొట్టు తీసినంతసేపే ఉంటాది గుంటా. ఆ సేపు దాటించాల. మీ నాన్న తెల్ల సొక్కా ఏసుకుని వచ్చేసరికి నా పని అయిపోయేది," అంది. పొట్టు కత్తితో మూత స్క్రూలు విప్పి బిగించడం టార్చిలైటు పట్టి చూసి చూసి నేర్చుకుందట. కాగితం అడ్డం ఉన్నంతసేపూ నిప్పురవ్వ రాదని నాన్నే ఒకసారి చెప్పాడట. కాగితం పెడితే దొరికిపోతుంది, పొట్టయితే ఇల్లంతా ఉన్నదే కదా. నాన్నమ్మ రోజు గురించి నేను అడగలేదు. అమ్మే చెప్పింది. "మీ నాన్న ఏటీ సెప్పనేదు ఆ రోజు. మొకం సూసి కోపమనుకున్నాను. ఏడుపు మొకం, కోపం మొకం మీ నాన్నకి ఒక్కనాగే ఉంటాయి." గిన్నె పక్కన పెట్టి, "ఎవులికీ సెప్పకు," అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను మా ఇంట్లో కొత్తగా వచ్చిన మనిషిలా తిరిగాను. తిట్లు తినే అమ్మ, అరిచే నాన్న, మొరాయించే బండి. నేను చదివిన కథల కంటే మా ఇంటి కథ నాకు బాగా తెలుసు అనుకున్నాను. నిజానికి ఇంట్లో ఒక మనిషి ఏళ్ళ తరబడి చిన్న కత్తి పట్టుకుని అన్నదమ్ములిద్దరి ప్రాణాలకీ కాపలా కాసింది. ఆ కాపలాలోనే ఒక తప్పు జరిగితే దాన్ని ఒక్కత్తే మోసింది. పొట్టు దూరిందని తిట్టినప్పుడల్లా ఆమె తల వంచుకోవడం అమాయకత్వం అనుకున్నాను. ఇప్పుడు ఇంటికి బస్తాలు రావు. బట్టీలో పొట్టు తీసే యంత్రాలు వచ్చాయి. ఫ్యాను ఎంతసేపైనా తిరుగుతుంది. ఆదివారం నాన్నకి తోచదు. బండి చుట్టూ తిరుగుతాడు, మూత మీద చేయి వేస్తాడు, తీయడు. తవిటయ్య తాత తన సిగరెట్లు తనే కొనుక్కోవాల్సి వస్తోందని బావని తిడతాడు. బండి ఎప్పుడంటే అప్పుడు లేస్తుంది. నాన్న ఎటు వెళ్తున్నా అమ్మ గుమ్మం దాకా వచ్చి, ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా నిలబడుతుంది. పాత రోజుల్లో అలా నిలబడేది కాదు.

మొన్న పిక్కల రోజుల్లో, అన్నాలు తినే వేళకి, తవిటయ్య తాతే వచ్చాడు. నవ్వడం లేదు. పెద్దనాన్న గట్టు మీద రాతి స్తంభాలు పాతించి, నాన్నమ్మ చెట్లన్నీ తనవైపు కలిపేసుకున్నాడని, మందస టీకొట్టు దగ్గర నలుగురిలో, "అమ్మ సావుకి రానోడికి అమ్మ నాటిన సెట్లెందుకు?" అన్నాడని చెప్పాడు. నాన్న తింటున్న అన్నంలోనే చేయి కడిగేశాడు. ఈసారి నూతి దగ్గరికి వెళ్ళలేదు. తెల్ల చొక్కా వేసుకోలేదు. బనీనుతోనే కత్తి తీసుకుని, తువ్వాలు చుట్టి, బండి వెనక కట్టాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూసింది. ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు. నాన్న ఒక్క కిక్కు కొట్టాడు. బండి లేచింది.

 అమ్మ వసారా దిగి వెళ్ళి రెండు చేతులతో హ్యాండిలు పట్టుకుంది. "తప్పుకో," అన్నాడు నాన్న. "తప్పుకోను." "తప్పుకోవే, నీకు తెల్దు, ఆడేటన్నాడో తెల్సా?" "తెల్సు. ఇన్నాను." ఇంజను దడదడ కొట్టుకుంటోంది, దాని మీదుగా వినపడాలని అమ్మ గట్టిగానే చెప్పింది. మా వీధి వాళ్ళు ఆమె గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి అనుకుంటాను. "నువ్వు అత్త కాడికి ఎల్లలేకపోయింది బండి వల్ల కాదు. నా వల్ల. పొట్టు ఎగిరి పడనేదు. నానే పెట్టాను."

నాన్న ఆమె మొహంలోకి చూశాడు. నవ్వులాటేమో అన్నట్టు నా వైపు చూశాడు. నా మొహంలో ఏం కనిపించిందో, మళ్ళీ అమ్మ వైపు తిరిగాడు.

"ఆ రోజా?"

"ఎప్పుడూ. నువ్వు కత్తి కట్టినప్పుడల్లా. ఆ రోజు కూడా కోపమే అనుకున్నాను."

తవిటయ్య తాత మెట్టు మీద కూర్చుండిపోయాడు. నాన్న తాళం తిప్పి ఇంజను ఆపాడు.  నాన్న కొడతాడనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకుందేమో, హ్యాండిలు వదలలేదు కానీ కళ్ళు మూసుకుంది. నాన్న కొట్టలేదు. బండి దిగనూ లేదు.  హ్యాండిలు మీదున్న అమ్మ చేతుల వంక చూసి, "మూత ఇప్పమన్నావు ఆ రోజు. నువ్వే అన్నావు," అన్నాడు. "అవును," అంది అమ్మ. "ఏలు తెగింది నీకు." "అవును." తెల్ల చొక్కా లేని నాన్న ఆ క్షణాన చాలా ముసలివాడిలా కనిపించాడు. కోపం ఉందా, ఏడుపు ఉందా అని అతని మొహం వంక చూశాను. అమ్మ చెప్పింది నిజమే. తేడా తెలియలేదు.

"అన్నకి తెల్దు," అన్నాడు చివరికి. "నాను రానేదనే అనుకుంటన్నాడు. అమ్మ కూడా అలాగే అనుకుని పోయింది."

"పద. నానే సెప్తాను."

"ఆడు నిన్ను తిడతాడు."

"తిట్టనీ. నాకేటి కొత్తా?"

అమ్మ బండి వెనక్కి వెళ్ళింది. తువ్వాలు ముడి విప్పి, కత్తిని అలాగే తీసి నా చేతుల్లో పెట్టింది. దాని బరువుకి నా చేతులు కిందికి వాలాయి. ఇంట్లో కట్టుకునే నేత చీరతోనే, జడ కూడా వేసుకోకుండా, నాన్న భుజం పట్టుకుని ఎక్కి కూర్చుంది.  నాన్న తాళం తిప్పి, కిక్కు మీద కాలు పెట్టి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"కొంగు లోపలికి దోపుకో. సక్రంలో పడతాది."